సలహాలు సరే, అండ ఏదీ?

వికలాంగ శిశువును పెంచే తల్లిదండ్రులకు మన సమాజం ధారాళంగా ఇచ్చేది సలహా. ఇవ్వనిది అండ. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్ల జీవితంలో ఎన్నో అనర్థాలు జరుగుతున్నాయి. సాహిత్యంలోనూ జరుగుతున్నాయి. మన కథ, మన సినిమా, మన కవిత్వం ఈ తల్లిదండ్రుల విషయంలో ఇంతకాలం ఏం చేశాయి, ఏం చెయ్యలేదు అన్నదే ఈ వ్యాసంలో పరిశీలించదలచిన విషయం. గాలిలో మాట్లాడకుండా ఉండటానికి కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల జీవితాన్ని ఆధారంగా తీసుకుంటున్నాను. ఎంత గొప్ప సిద్ధాంతాన్నయినా చివరికి ఒక ఊరి బస్టాండులో నిలబడి సరిచూసుకోవాల్సిందే.

ముందుగా సలహా అనే ప్రక్రియను చూద్దాం. అదీ ఒక రచనా ప్రక్రియే. దానికీ ఒక వస్తువు, ఒక శైలి, ఒక దృక్పథం ఉన్నాయి. ఆసుపత్రి గోడమీద అంటించిన కాగితమైనా, పత్రిక ఆదివారం శీర్షికయినా, శిక్షణ శిబిరంలో పంచిన కరపత్రమయినా వాక్యం ఒకే మూసలో ఉంటుంది. ఓపికగా ఉండాలి. రోజూ కసరత్తు చేయించాలి. బిడ్డతో ఎక్కువసేపు మాట్లాడాలి. తోటి పిల్లలతో పోల్చకూడదు. వీటిలో అబద్ధం ఒక్కటీ లేదు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డకు కాళ్లూ చేతులూ బిగుసుకుపోకుండా క్రమం తప్పక కసరత్తు చేయించడం మేలు చేస్తుంది. బుద్ధిమాంద్యం ఉన్న బిడ్డకు చొక్కా తొడుక్కోవడం లాంటి పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి ఒక్కొక్కటే నేర్పితే నేర్చుకుంటుంది. వినికిడి లోపాన్ని ఎంత తొందరగా కనిపెడితే బిడ్డకు భాష అబ్బే అవకాశం అంత ఎక్కువ. శాస్త్రం కష్టపడి సంపాదించిన జ్ఞానం ఇది. దీన్ని తక్కువచేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు.

అయితే ఆ వాక్యాల వ్యాకరణాన్ని గమనించండి. క్రియ ఉంది, కర్త లేదు. చేయించాలి, సరే. ఎవరు? ఎప్పుడు? ఆ పూట ఆమె పోగొట్టుకునే కూలి ఎవరిస్తారు? కర్తను చెప్పకపోయినా ఆ కర్త తల్లేనని చెప్పేవాడికీ తెలుసు, వినేవాడికీ తెలుసు.

ప్రొద్దుటూరు చేనేత ఇంట్లో మగ్గం మగవాడి పేరున లెక్కకొస్తుంది. కండెలు చుట్టే ఆడమనిషి పనికి విడిగా లెక్క ఉండదు. పులివెందుల చుట్టుపట్ల చీనీ తోటల్లో, అరటి తోటల్లో, శనక్కాయ చేలల్లో కూలికి పోయే మనిషి పొద్దున్నే కదలకపోతే ఆ రోజు కూలి పోయినట్టే. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు నాపరాళ్ల గనుల్లో, పాలిష్ ఫ్యాక్టరీల్లో పనిచేసే కుటుంబాలదీ అదే లెక్క. వంట, నీళ్లు, గొడ్డు, కూలి, వీటి మధ్య ఇరుక్కున్న మనిషికి రోజుకు అరగంట కేటాయించమని చెప్పడం చాలా సులువు. ఇక దూరం సంగతి. పెద్ద వైద్యమంటే ఈ ప్రాంతపు జనానికి తెలిసిన పేర్లు కడప రిమ్స్, తిరుపతి బర్డ్, వేలూరు. పులివెందుల నుంచి కడపకే సుమారు 70 కిలోమీటర్లు. కేంద్ర ప్రభుత్వం 1984లో సికింద్రాబాదులో నెలకొల్పిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ, తర్వాత పేరు మారినా, దేశానికే పేరున్న సంస్థ. ప్రొద్దుటూరుకు అది సుమారు 400 కిలోమీటర్ల దూరం. నడవలేని పదేళ్ల బిడ్డను చంకనెత్తుకుని బస్సెక్కే మనిషికి కిలోమీటరు అంటే ఎంతో దూరాల పట్టిక చెప్పదు.

సలహా ఇచ్చేవాడు ఈ లెక్కలు వెయ్యడు. వెయ్యడు గనక, బిడ్డ మెరుగుపడనప్పుడు తప్పు ఎవరిదో ముందే తేలిపోయి ఉంటుంది. ఆ తల్లి సరిగా చేయించి ఉండదు అంటారు. అండ లేని సలహా చివరికి నిందగా మారుతుంది.

అండ అంటే ఏమిటని అడిగేవారికి మన కాలంలోనే ఒక ఉదాహరణ ఉంది. ఒకప్పుడు మన పల్లెల్లో పోలియోతో కాలు సన్నబడిన పిల్లలు చాలా బళ్లలో కనిపించేవారు. చుక్కలు వేయించుకోండని చెప్పడంతోనే ఆ జబ్బు పోలేదు. 1995లో దేశంలో పల్స్ పోలియో మొదలై, కార్యకర్తలు చుక్కల మందును ఐసు పెట్టెలో మోసుకుని ఇంటింటికీ తిరిగితే పోయింది. 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్లో బయటపడినదే దేశంలో చివరి కేసు. 2014 మార్చి 27న పోలియో లేని ప్రాంతంగా ధ్రువీకరణ వచ్చింది. తల్లిని ఆసుపత్రికి రమ్మనడంతో ఆగకుండా ఆసుపత్రే తల్లి గడప దగ్గరికి నడిచి వచ్చింది. దాన్ని అండ అంటారు.

నింద కొత్తది కాదు. భారతం వనపర్వంలో అష్టావక్రుడి కథ ఉంది. తండ్రి కహోడుడు వేదం వల్లిస్తుంటే గర్భంలోని శిశువు తప్పుపట్టాడు. తండ్రికి కోపం వచ్చి శపించాడు. బిడ్డ ఎనిమిది వంకరలతో పుట్టాడు. అక్కడ కనీసం తప్పు తండ్రి కోపానిదని కథకుడు ఒప్పుకున్నాడు. జనవ్యవహారంలో అదీ లేదు. గ్రహణం పూట కత్తిపీట ముట్టిందనీ, పోయిన జన్మలో ఏదో చేసిందనీ నేరం తల్లి మీదికే వస్తుంది.

ఇది మూఢనమ్మకం గనక పల్లెటూళ్లకే పరిమితమనుకుంటే పొరపాటు. 1943లో లియో కానర్ అమెరికాలో ఆటిజం లక్షణాలను వర్ణించాడు. తల్లిదండ్రుల ఆదరణలో వెచ్చదనం లేకపోవడమే అందుకు కారణమన్న వాదం తర్వాత బలపడింది. 1967లో బ్రూనో బెటల్‌హైమ్ గ్రంథం దానికి విస్తృత ప్రచారం తెచ్చింది. ఎందరో తల్లులు బిడ్డ బాధతో పాటు ఈ నేరాన్ని కూడా మోశారు. దాన్ని ఎదిరించినవారిలో ముందున్న బెర్నార్డ్ రిమ్లాండ్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, ఆటిజం ఉన్న ఒక కొడుకు తండ్రి. ఇది నాడీవ్యవస్థకు సంబంధించినదని 1964లోనే పుస్తకం రాశాడు. తర్వాతి పరిశోధన బలపరచింది ఆయన వైపునే. తల్లి గుండె చల్లబడితే బిడ్డ బిగుసుకుపోయిందన్న ఊహ శాస్త్రం కాదు, సాహిత్యం. అదీ చెడ్డ సాహిత్యం.

మన సీమలో ఈ నింద మరో రూపం తీసుకుంటుంది. మేనరికాల్లో పుట్టే పిల్లలకు జన్యుపరమైన లోపాలు వచ్చే అవకాశం మామూలు కంటే ఎక్కువని వైద్యశాస్త్రం చెబుతుంది. ఎక్కువమందికి ఆరోగ్యవంతులైన పిల్లలే పుడతారు గాని ప్రమాదం ఉన్న మాట వాస్తవం. ఈ జ్ఞానాన్ని పట్టుకుని, మేనమామను చేసుకుంది, అనుభవిస్తోంది అంటారు. ఆ పెళ్లి ఎందుకు జరిగిందని అడగరు. భూమి పరాయి ఇంటికి పోకూడదనీ, కట్నం చేజారకూడదనీ పెద్దలు కూర్చుని కుదిర్చిన పెళ్లి అది. నిర్ణయం ఆస్తిది, మాట ఇచ్చింది పెద్దలు, శిక్ష మాత్రం ఆ పిల్ల కడుపుది. భూమికీ గర్భానికీ పడిన ఈ ముడిని విప్పి చూపడానికి వ్యాసం కంటే కథకే శక్తి ఎక్కువ.

ఇక సాహిత్యం. కరువు నేల మీది రైతు కథల్లో ప్రపంచమంతా చదివినది పెర్ల్ బక్ 1931లో రాసిన 'ది గుడ్ ఎర్త్'. మన సీమ పాఠకుడికి అది పరాయి దేశపు నవల అనిపించదు. వాంగ్ లంగ్ అనే చైనా రైతు పెద్ద కూతురు కరువు రోజుల్లో పసిగుడ్డు. తిండి లేక ఎండిపోయి, బుద్ధి ఎదగని పిల్లగా మిగిలిపోతుంది. నవలలో ఆమెకు పేరు కూడా లేదు. తండ్రి భూములు కొంటాడు, ధనికుడవుతాడు, ఇంట్లోకి మరో స్త్రీని తెస్తాడు. ఎన్ని మారినా ఆ పిల్ల ఎండలో కూర్చుని గుడ్డపీలిక మడుచుకుంటూ నవ్వుతూనే ఉంటుంది. ముసలితనంలో ఆ తండ్రిని ఒకే భయం పట్టుకుంటుంది. నేను పోతే దీని గతి ఏమిటి? విషం తెచ్చి, తన చావు తర్వాత ఆ పిల్లకు పెట్టమని పియర్ బ్లాసమ్ అనే అమ్మాయి చేతికిస్తాడు. ఆమె ఒప్పుకోదు. పిల్లను తానే చూసుకుంటానంటుంది.

దీన్ని దయ గురించిన ఘట్టంగా చదివి కన్నీరు పెట్టుకోవచ్చు. చదవవలసిన పద్ధతి మరొకటి ఉంది. వాంగ్ లంగ్‌కు ముగ్గురు కొడుకులున్నారు, కావలసినంత భూమి ఉంది. అయినా ఆ పిల్ల బాధ్యత వచ్చి పడింది ఒక కరువు సంవత్సరంలో బానిసగా కొన్న అమ్మాయి మీద. అంటే కరువు ఒక పిల్లకు బుద్ధి లేకుండా చేసింది. మరో పిల్లను అమ్మకానికి పెట్టింది. రెండోదాన్ని మొదటిదానికి కాపలా ఉంచింది. రచయిత్రి ఈ మాట పైకి చెప్పలేదు, కథలో ఉంచింది. ఆమె జీవితాన్ని కూడా గమనించాలి. ఆమెకూ బుద్ధిమాంద్యం ఉన్న కూతురుంది. ఆ బిడ్డను ఉంచిన సంస్థకు డబ్బు కట్టవలసిన అవసరం ఆమె రచనా జీవితం వెనక ఉంది. 1938లో నోబెల్ బహుమతి అందుకున్నా, 'ది చైల్డ్ హూ నెవర్ గ్రూ' పేరిట ఆ సంగతి స్వయంగా రాయడానికి ఆమెకు 1950 దాకా పట్టింది. అంత పేరున్న తల్లికే అన్నేళ్లు నోరు పెగలకపోతే, జమ్మలమడుగు వీధిలో బిడ్డను లోపలి గదిలో ఉంచి తలుపు చేరవేసే తల్లిని తప్పుపట్టే అర్హత ఎవరికుంది?

మన సినిమాకు వద్దాం. 1986లో వచ్చిన కె. విశ్వనాథ్ 'స్వాతిముత్యం' తెలుగువాళ్లందరికీ తెలిసిన చిత్రం. వయసొచ్చినా పసివాడి మనసున్న శివయ్యను ముసలి నాయనమ్మ సాకుతుంది. అతను ఒక వితంతువు మెడలో తాళి కడతాడు. నాయనమ్మ పోయాక అతన్ని నడిపించే బాధ్యత ఆ లలిత తీసుకుంటుంది. చిత్రం మంచితనాన్ని నమ్మింది. వితంతు వివాహాన్ని గౌరవించింది. వికలాంగుణ్ణి నవ్వులాటకు వాడుకునే అలవాటున్న రంగంలో అతన్ని ప్రేమించదగిన మనిషిగా నిలబెట్టింది. ఇవన్నీ ఒప్పుకోవాలి. ఒప్పుకున్న తర్వాత ఒక ప్రశ్న మిగులుతుంది. నాయనమ్మ చేతి నుంచి ఆ పని ఎవరి చేతికి పోయింది? అన్నా వదినల పంచన పడి ఉన్న, మరో దారి లేని స్త్రీ చేతికి. చైనా నవలలో బానిస, తెలుగు సినిమాలో వితంతువు. నా తర్వాత ఎవరు అన్న ప్రశ్నకు రెండు కథలూ వెతుక్కున్న జవాబు ఒక్కటే: దిక్కులేని ఒక ఆడమనిషి. ఆమె మనసు మంచిది గనక మనకు అది పరిష్కారంలా కనిపిస్తుంది. ఊరికి, బడికి, ప్రభుత్వానికి అందులో పాత్రే లేదు.

జపాన్ రచయిత కెంజబురో ఓయె మరో దారి తొక్కాడు. 1963లో ఆయనకు కపాల లోపంతో కొడుకు పుట్టాడు. మరుసటి ఏడు రాసిన 'ఎ పర్సనల్ మేటర్' నవలలో అటువంటి బిడ్డ తండ్రి గొప్ప త్యాగమూర్తి కాడు. పారిపోవాలనుకుంటాడు, తాగుతాడు, బిడ్డ చచ్చిపోతే బాగుండుననుకుంటాడు. చివరికి శస్త్రచికిత్స చేయించడానికి నిర్ణయించుకుంటాడు. ఆ నిర్ణయానికి విలువ వచ్చిందే ముందు చూపిన పిరికితనం వల్ల. మన కథల్లో ఈ తండ్రి ఏడీ? ఉంటే దుర్మార్గుడుగా మొదటి పేజీలోనే ఇల్లు విడిచిపోతాడు, లేకపోతే దేవుడై ఉంటాడు. భయపడి, సిగ్గుపడి, సాయంత్రం ఇంటికి పోబుద్ధికాక అరుగు మీద ఆలస్యం చేసే మామూలు మనిషిని ఎవరు రాస్తారు?

బొంబాయిలో మిథు అలూర్ తన కూతురు మాలినికి తగిన బడి లేదని 1972లో స్పాస్టిక్స్ సొసైటీ ప్రారంభించింది. ఆ కూతురు మాలినీ చిబ్ పెద్దదై ఒక చిటికెన వేలితో టైపు చేసుకుంటూ తన ఆత్మకథ రాసింది. 2010లో వచ్చిన ఆ పుస్తకం పేరే 'వన్ లిటిల్ ఫింగర్'. చదువూ పలుకుబడీ ఉన్న కుటుంబం గనక ఇది సాధ్యమైందని అనవచ్చు. నిజమే. అందుకే ఆ అవకాశం అందరికీ ఉండాలని అడుగుతున్నాం. ఆ పుస్తకం నేర్పే పాఠం మరొకటి కూడా ఉంది. బిడ్డ అంటే తల్లి దుఃఖానికి ఆకారం కాదు. బిడ్డకు తన కోపం, తన కోరిక, తన హాస్యం ఉంటాయి. చలం 'బిడ్డల శిక్షణ'లో పిల్లల మీద పెద్దల పెత్తనాన్ని నిలదీశాడు. ఆ నిలదీత వికలాంగ శిశువు గడప దాకా రాకుండానే ఆగిపోయింది.

మన పత్రికల్లో తరచు కనిపించే కథానమూనాను ఈ వెలుగులో చూడండి. తల్లి కన్నీరు, అత్త సూటిపోటి మాటలు, చివర రెండే ముగింపులు. బిడ్డ చనిపోతుంది, లేదా ఏదో పోటీలో బహుమతి తెచ్చుకుంటుంది. చావైనా బహుమతైనా కథకుడికి సెలవు దొరుకుతుంది. తల్లికి సెలవు లేదు. మరుసటి పొద్దున బిడ్డకు పళ్లు తోమాలి, దొడ్డికి తీసుకుపోవాలి, అన్నం కలిపి పెట్టాలి. ఆ మరుసటి పొద్దున రాయకపోవడమే ఈ కథల ప్రధాన లోపం.

కవుల సంగతి కూడా చెప్పుకోవాలి. గుడ్డి చట్టం, చెవిటి ప్రభుత్వం, కుంటి ప్రజాస్వామ్యం, మూగబోయిన జనం అని అభ్యుదయ కవిత్వంలో ఎన్ని ప్రయోగాలున్నాయో లెక్కలేదు. మన ఆగ్రహం న్యాయమైనదే. కాని చెవిటి మనిషి ఏం నేరం చేశాడని వినదలచుకోని మంత్రికి ఆయన పేరు పెడుతున్నాం? ప్రభుత్వానికి చెవులున్నాయి, వినడం లేదు. చెవులు లేకపోయినా వినడానికి దారులు వెతుక్కునేవాడు ఆ బిడ్డ. పోలిక తప్పు. అన్యాయమే కాదు, కవిత్వంగా కూడా సోమరితనం.

ఏలినవారి పదజాలం మరో కొస. 2015 చివర ప్రధాని నోట దివ్యాంగులు అన్న మాట వచ్చింది. మన రాష్ట్రంలో విభిన్న ప్రతిభావంతులు అన్న మాట ఉంది. పేరు పెద్దదవుతోంది. వసతి ఆ మేరకు పెరిగిందా? 1995 చట్టం 7 రకాల వైకల్యాలను గుర్తిస్తే, 2016 చట్టం 21 గుర్తించింది. ఆరు నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య హక్కన్నది. మండలాల్లో భవిత కేంద్రాలు పెట్టారు. 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం ప్రకారం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవారికి 18 ఏళ్లు దాటాక సంరక్షకుణ్ణి నియమించే స్థానిక సంఘం జిల్లాలో ఉండాలి. నిరామయ బీమా ఉంది, లక్ష రూపాయల దాకా. 2024 జూలై నుంచి రాష్ట్రంలో వికలాంగుల పింఛను 6,000 రూపాయలు, పూర్తిగా మంచాన ఉన్నవారికి 15,000 అయింది. ఇవి భిక్షలు కావు, పోరాడి తెచ్చుకున్న హక్కులు. వీటిని తల్లిదండ్రులకు తెలియజెప్పడం కూడా అండే.

అయితే ఈ హక్కులకు ద్వారం సదరం ధ్రువపత్రం. బిడ్డ 40 శాతం దాటితేనే తలుపు తెరుచుకుంటుంది. బిడ్డ కొంచెం మెరుగుపడితే సంతోషించాలో, శాతం తగ్గిందని భయపడాలో తెలియని స్థితి తల్లిది. 2025లో ధ్రువపత్రాలను తిరిగి పరిశీలించినప్పుడు రాష్ట్రమంతటా ఆ భయం కనిపించింది. దొంగ పత్రాలను ఏరివేయవలసిందే. కాని ఆ వరసలో బిడ్డను ఒళ్లో పెట్టుకుని మళ్లీ రుజువు చూపించుకునే తల్లి మనసు ఏ నివేదికలోనూ ఉండదు. అది కథకుడు చెయ్యవలసిన పని.

ఇది సంక్షేమ శాఖ వ్యవహారం, వర్గపోరాట సాహిత్యానికి దీనితో ఏమి పని అని కొందరు మిత్రులు అడగవచ్చు. సమాధానం ఆ ప్రశ్నలోనే ఉంది. శ్రమను గురించి మాట్లాడేవాళ్లం మనం. రోజుకు పదహారు గంటలు, కూలి లేకుండా, ఆదివారం లేకుండా, పదవీ విరమణ లేకుండా సాగే శ్రమ ఇది. దీన్ని మాతృప్రేమ అని పిలిచినంతకాలం దానికి వెల కట్టనక్కర్లేదు, దాన్ని పంచుకోనక్కర్లేదు. కాకి పిల్ల కాకికి ముద్దు అన్న సామెత ఎంత నిజమో అంత అనుకూలం కూడా, తక్కిన ఊరికి. ప్రేమ ఉన్నందుకే శ్రమ శ్రమ కాకుండా పోదు.

పులివెందుల ప్రాంతంలోని పైడిపాలెంలో 1922లో పుట్టిన రాచమల్లు రామచంద్రారెడ్డి 1968లో తాను తెచ్చిన పత్రికకు 'సంవేదన' అని పేరు పెట్టాడు. ఎదుటివాడి బాధకు కరిగిపోవడం సంవేదనలో సగమే. ఆ బాధ ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోవడం మిగతా సగం. ఈ నేల కథకులు, కేతు విశ్వనాథరెడ్డి, సొదుం జయరాం, వై.సి.వి. రెడ్డి వంటివారు, సీమ పల్లె జీవితాన్ని మనకు కళ్లకు కట్టించారు. కరువును విధిరాత అనకుండా చూపగలిగిన కలాలకు వికలాంగ శిశువు ఇంటిని విధిరాత అనకుండా చూపడం అసాధ్యమేమీ కాదు. ఆ ఇంట్లో పొద్దున ఎన్నింటికి మొదలవుతుంది, బస్సు ఛార్జీ ఎంత, పెద్ద పిల్ల బడి ఎందుకు మానింది, మొక్కు తీర్చడానికి గండి ఆంజనేయుని దగ్గరికో దర్గాకో పోయిన తల్లికి అక్కడ దొరికిందేమిటి, ఇవి రాయాలి. మొక్కును చూసి నవ్వడం సులువు. ఆ తల్లిని ఎవరూ తప్పుపట్టని చోటు బహుశా అదొక్కటేనని గుర్తించడానికి కొంచెం కష్టపడాలి.

ఒక పని రచయితలుగా, మరో పని సంఘంగా మనం చెయ్యవచ్చు. ఈ మూడు ఊళ్లలోనూ సభలు పెట్టుకునే అలవాటు మనకుంది. ఏడాదికొక్క సభకైనా ఈ తల్లిదండ్రులను వక్తలుగా పిలుద్దాం. మనం కింద కూర్చుని విందాం. 1995లో దేశంలోని తల్లిదండ్రుల సంఘాలు 'పరివార్' పేరిట ఒక సమాఖ్యగా ఏర్పడ్డాయి. ఒక తల్లికి మరో తల్లి చెప్పే మాటలో సలహా కూడా అండగానే పనిచేస్తుంది, ఎందుకంటే ఆ అరగంట ఎక్కడినుంచి తేవాలో చెప్పేవాళ్లకు తెలుసు. ఆ సభకు చక్రాల కుర్చీ ఎక్కే వాలుదారి ఉన్న హాలు వెతకడంతో మొదలుపెట్టాలి. అలాంటి హాలు ఊళ్లో దొరక్కపోతే మన తర్వాతి కథకు వస్తువు దొరికినట్టే.